పేరు దగ్గర ఆగిన గొంతు

పోయిన నెల ఒక పెండ్లికని జగిత్యాల పోయి టవర్ దగ్గర బస్సు దిగానో లేదో, ఎదురుగా ఆయనే. ఆయనంటే ఆయన ఫ్లెక్సీ. మనిషి పోయి ఎన్నో ఏండ్లైంది కానీ ఫ్లెక్సీలో మాత్రం నిగనిగలాడుతున్నాడు. తెల్ల లాల్చీ, దువ్విన మీసం, మెడ నిండా బంతిపూల దండ. కింద అరచేతులంత అక్షరాలతో "తెలంగాణ కోసం పెళ్లినే వదులుకున్న త్యాగజీవి, ఆజన్మ బ్రహ్మచారి దశరథన్నకు జోహార్లు" అని రాశారు. నాకు నవ్వాగలేదు. డెబ్భై దాటిన ముసలిదాన్ని, నడిబజారులో, సంచి కింద పెట్టి మరీ నవ్వాను. ఆటో నడిపే అబ్బాయి ఒకడు వచ్చి "ఏందమ్మా, ఎండ కొట్టిందా?" అని నీళ్ల సీసా అందించాడు. "ఎండ గాదు కొడుకా, పాత సంగతొకటి యాదికచ్చింది" అన్నాను. నీళ్లు తాగేసరికి నవ్వు ఎటో పోయి కోపం వచ్చింది. పెండ్లిలో భోజనం కూడా సహించలేదు.

మాది సిరిసిల్ల. మా గల్లీ అంతా నేత పనివాళ్ళే. పొద్దు పొడవకముందే మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, పెద్ద గుండిగలో గంజి కాచేది. తాగడానికి కాదు, నూలుకు. గంజి పట్టించిన నూలును గల్లీ పొడవునా చాచి కట్టి, ఇద్దరు ముగ్గురు కుంచెలతో దువ్వుతూ అటూ ఇటూ నడిచేవారు. మేం ఎటు పోవాలన్నా ఆ నూలు కింది నుంచి వంగి పోవాలి. తల తగిలిందా, బాపమ్మ నోరు లేచేది. పుల్లటి గంజి వాసన, రంగుల వాసన, గుంట మగ్గంలో తడిమట్టి వాసన, వాటి మీద ఎవరింట్లోనో వేగుతున్న పచ్చిమిర్చి ఘాటు. ఇప్పటికీ ఎక్కడైనా ఇస్త్రీ షాపులో గంజి వాసన తగిలితే నా నడుం దానంతటదే వంగుతుంది. అప్పటికి కరెంటు సాంచలు, అంటే మరమగ్గాలు, ఒకటీ అరా వస్తున్నాయి. మా ఇంట్లో మాత్రం ఇంకా చేతి మగ్గమే. బాపు నేసేవాడు, అవ్వ (మేం అమ్మను అలాగే పిలిచేవాళ్లం), సుగుణత్త కండెలు చుట్టేవారు.

ఆ ఏడాది నాకు బడి లేదు. ప్రత్యేక రాష్ట్రం కావాలని పిల్లలు బడులూ కాలేజీలూ వదిలి రోడ్ల మీదికి వచ్చారు. తలుపులకు తాళాలు పడ్డాయి. ఇప్పటివాళ్లకు తెలంగాణ ఉద్యమమంటే మొన్నమొన్నటి సంగతి. నేను చెప్పేది దాని కంటే ఒక తరం ముందటిది, ఆ మొదటి కొట్లాట. బడి లేని పదిహేనేండ్ల పిల్లకు ఏం పని? ఎవరింట్లో ఏం జరుగుతోందో చూడడమే పని. ఎవరేం దాస్తున్నారో తెలిసేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. బాపమ్మ నన్ను పేరుతో పిలిచింది తక్కువ, "ఓ సీఐడీ" అని పిలిచింది ఎక్కువ.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు మొగని పేరు పలికేవారు కాదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందట. మా తాత పేరు రాజేశం. అందుకని బాపమ్మ వేములవాడ రాజన్న పేరు కూడా నోట రానిచ్చేది కాదు. "ఏములాడ దేవునికి మొక్కుకున్న" అనేది. దేవునికే దిక్కు లేదు, ఇక మనుషులెంత! పక్కింటి ఎల్లయ్య పెండ్లాం ఉప్పుకో చింతపండుకో వస్తే మామూలుగా అడిగేది, వెల్లుల్లి కావాల్సి వస్తే మాత్రం తిప్పలు పడేది. మేం దాన్ని ఎల్లిగడ్డ అంటాం కదా! "గా తెల్లగడ్డ రెండు పాయలియ్యిండ్లి" అని సణిగేది. రేషన్ కార్డు రాసేవాళ్లు వచ్చి ఇంటాయన పేరు అడిగితే, తలుపు వెనక నుంచి మమ్మల్ని ముందుకు నెట్టేవారు. ఆ గల్లీలో మొగుళ్ల పేర్లు చెప్పే ఉద్యోగం పిల్లలదే. నాకది భలే సరదాగా ఉండేది.

ఆ రోజుల్లోనే మా ఇంటికి దశరథం వకీలు రావడం మొదలైంది. గొల్లపల్లి దిక్కు మనిషి, జగిత్యాల కోర్టులో కొత్తగా నల్లకోటు వేశాడు. ఉద్యమం రాగానే కోటు పక్కన పెట్టి ఊరూరా తిరిగేవాడు. మనిషి సన్నగా ఉండేవాడు కానీ గొంతు మాత్రం గుడి గంట. ఆయన మాట్లాడుతుంటే మా బాపు పోగు విసిరే నాడె పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఆపేసేవాడు. జగిత్యాల టవర్ దగ్గర మీటింగులో వందలమంది ముందు చెయ్యెత్తి ఒట్టు పెట్టుకున్నాడట: "తెలంగాణ అచ్చేదాక నేను పెండ్లి పీటల మీద కూసోను. ఉద్యమమే నా ఇల్లు, ఉద్యమమే నా సంసారం." ఆ మాట ఆయన కంటే ముందు సిరిసిల్ల చేరింది. ఆడవాళ్లు కండ్లు తుడుచుకున్నారు. ఆడపిల్లల తండ్రులు మాత్రం నిట్టూర్చారు.

ఒకసారి లాఠీచార్జీలో ఆయన కుడి మోచేతి మీద గట్టి దెబ్బ పడింది. పోలీసులు వెతుకుతున్నారని బాపు ఆయన్ను మా మగ్గం గదిలో దాచాడు. వారం పది రోజులు ఉన్నాడు. బాపమ్మ ఆముదపాకులు వెచ్చజేసి మోచేతికి కాపడం పెట్టేది. ఆయన తిండి దగ్గర ఒక అలవాటు ఉండేది. కంచం ముందు కూర్చుంటే అన్నం ముట్టేవాడు కాదు, ముందు చెంబెడు పచ్చిపులుసు గటగటా తాగాలి. "అన్నం ఏడికి పోతదమ్మా, ముందుగాల పులుసు పొయ్యి" అనేవాడు. బాపమ్మకు నవ్వు. "గిదేం అలవాటు వకీలు సాబ్? మీ ఇంట్ల ఆడోళ్లు లేరా చెప్పెటందుకు?" అని ఆరా తీసింది ఒకరోజు. ఆయన చెంబు దించి, ఆమె కండ్లలోకి సూటిగా చూసి, "నాకు ఇల్లు లేదు, ఆలి లేదమ్మా. తెలంగాణ అచ్చేదాక నువ్వే నా తల్లివి, గిదే నా ఇల్లు" అన్నాడు. బాపమ్మ కరిగి ఇంకో చెంబు పోసింది. రెప్ప వేయకుండా చెప్పిన ఆ మాట నాకు ఇప్పటికీ కండ్లకు కట్టినట్టుంది. అంత శుభ్రంగా అబద్ధం ఆడగలగడం కూడా ఒక విద్యే.

సుగుణత్త మా బాపుకు చెల్లెలు. ఇరవై దాటింది, ఇంకా పెండ్లి కాలేదు. మంచి ఒడ్డూ పొడుగూ. ఆమె మా ఇంటి గడపలో నిలబడి పిలిస్తే గల్లీ చివర మనిషి తిరిగి చూసేవాడు. రెండు గల్లీల అవతల నర్సయ్య అనే నేతగాడు ఉండేవాడు. వాళ్లు అప్పటికి రెండుసార్లు ఆమెను అడిగారు. రెండుసార్లూ అత్త కాదంది. ఎందుకంటే చెప్పదు. బాపు తిట్టాడు, అవ్వ బతిమాలింది, బాపమ్మ ఏములాడ దేవునికి కోడెను కడతానని మొక్కుకుంది. అత్త వినలేదు. ఎందుకో నేను కనిపెట్టాను. గొప్పకు చెప్పుకోవడం కాదు, ఊరేగింపులో ఆమె పక్కన నడిచేదాన్ని కాబట్టి తెలిసింది.

ఊరేగింపులో ముందొకరు "మనకేం గావాలె?" అంటే అందరం "తెలంగాణ!" అనాలి. "మన నాయకుడెవ్వరు?" అంటే "దశరథం! దశరథం!" అనాలి. తెలంగాణ అన్నప్పుడు అత్త గొంతు అందరి కంటే పైన ఉండేది. నాయకుడెవ్వరు అన్నప్పుడు మాత్రం నా కుడిచెవి పక్కన ఒక్కసారిగా నిశ్శబ్దం. చూస్తే, అత్త పెదవులు బిగించి కొంగు సవరించుకుంటోంది. మొదటిసారి దగ్గొచ్చిందేమో అనుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి నా కడుపులో సీఐడీ లేచి కూర్చుంది. ఇంటికొచ్చాక కండెలు చుట్టే చోట పట్టుకున్నాను.

"అత్తా, వకీలు సాబ్ పేరెందుకంటలేవ్?"

"గొంతు పట్టింది."

"తెలంగాణ అన్నప్పుడు పట్టలే?"

నా తొడ మీద మాంసం ఊడొచ్చేటట్టు గిల్లింది. తరువాత తానే నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని చెప్పింది. "ఎవ్వరికన్న చెప్పినవనుకో, నా తల పగుల్తది. ఆయన నాకు మాటిచ్చిండే. తెలంగాణ అచ్చిన తెల్లారే నా మెడల పుస్తె గడ్తనన్నడు. ఒట్టు వెట్టుకున్నడు గద, గందుకే బయట చెప్పద్దన్నడు. ఉద్యమానికి మాటస్తదట." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. నాకు ఎంత గర్వమో! మా ఇంట్లో మనిషి, మా సుగుణత్త, తెలంగాణతో పాటు పెండ్లి చేసుకోబోతోంది! కానీ పుస్తె పడకముందే పేరు దాచుకోవడం చూస్తే నవ్వూ వచ్చింది. "ఇంకా కాలేదు కదనే" అంటే, "మనసుల అయినట్టే" అంది.

ఎండలు ముదిరాక కోరుట్లలో ఆడవాళ్ల మీటింగు పెట్టారు. పొద్దున్నే సిరిసిల్ల నుంచి ఒక లారీ బయలుదేరింది. బాపు లారీ దాకా వచ్చి అత్తతో ఒకటే మాట అన్నాడు: "పొద్దుగూకే వరకు నర్సయ్యోళ్లు ఇంటికస్తరు. ఇది మూడో మాట. ఇయ్యాల నువ్వు కాదంటె వాళ్లు ఇంకో సంబంధం ఖాయం జేసుకుంటరు. ఇగ నేను నిన్ను అడుగ." అత్త తల ఊపి లారీ ఎక్కింది. కాదనడానికి ఎక్కినట్టే ఎక్కింది, హాయిగా. వేములవాడ దాటి, చందుర్తి దాటి, దుమ్ము తింటూ, పాడుకుంటూ పోయాం.

కోరుట్లలో దిగగానే ఊరేగింపు. అక్కడి ఆడవాళ్లు మా వరుసల్లో కలిశారు. నా కుడిపక్కన అత్త, ఎడమపక్కన అత్త వయసే ఉన్న ఒక కోరుట్లామె. నల్లగా, కళగా ఉంది. మెడలో పుస్తెలు, కాళ్లకు మట్టెలు. చేతుల నుంచి తునికాకు వాసన వస్తోంది, బీడీలు చుట్టే మనిషి. పేరు గంగామణి అని తానే చెప్పింది. "మనకేం గావాలె?" అన్నారు. మేం ముగ్గురం గొంతు చించుకున్నాం. "మన నాయకుడెవ్వరు?" అన్నారు. నా కుడిచెవిలో అత్త గొంతు ఆగింది. నా ఎడమచెవిలో ఆమె గొంతు కూడా ఆగింది. ఇద్దరి మధ్యన నేనొక్కదాన్నే "దశరథం" అని అరిచి, నా అరుపుకు నేనే ఉలిక్కిపడ్డాను. ఎడమకు తిరిగాను. గంగామణి పెదవులు బిగించి కొంగు సవరించుకుంటోంది. అచ్చం అలాగే. తల ఎత్తి చూస్తే అత్త కూడా నా మీదుగా ఆమెనే చూస్తోంది.

మధ్యాహ్నం భోజనాలకు కోరుట్ల వాళ్లు తలా ఇద్దరు ముగ్గురిని తమ ఇండ్లకు తీసుకుపోయారు. మమ్మల్ని ఎవరూ పంచకముందే అత్త గంగామణి చెయ్యి పట్టుకుని "మేం మీ ఇంటికస్తం" అంది. చిన్న పెంకుటిల్లు, ఒక మూలన చాట నిండా చుట్టిన బీడీలు. శుభ్రంగా అలికిన నేల. ఒక్కతే ఉంటుందట, పక్క వాడలోనే తల్లిగారిల్లు. జొన్నరొట్టె, పప్పు, అన్నం వడ్డించింది. అత్త మొదటి ముద్ద కలుపుతూ, ఊసుపోక అడిగినట్టు అడిగింది.

"అవ్ గని చెల్లే, రాములవారి తండ్రి పేరేందే? నోట్ల ఆడుతంది గని యాదికస్తలేదు."

గంగామణి ఫక్కుమని నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయోధ్య రాజు."

"రాజు సరే, పేరు?"

"అమ్మో, నువ్వు పట్టుకున్నవ్ గదక్కా! మా ఆయన పేరు గూడ గదే. బొంబాయి మిల్లుల పని జేస్తడు. మా వాడల అందరికి ఎరుకే. గా నినాదం అన్నప్పుడల్ల నాతోటి మస్కిరి జేస్తరు."

నాకు ప్రాణం లేచివచ్చింది. ఔను కదా, లోకంలో ఒక్కడికేనా ఆ పేరు? రొట్టె ఇంకో ముక్క పెట్టించుకున్నాను. అత్త కూడా నవ్వింది. నవ్వి, "పాపం, బొంబాయిల ఏం తింటడో ఏమో. మీ ఆయనకు ఏమిష్టం?" అంది.

ఎన్నాళ్లుగానో ఎవరూ అడగని ప్రశ్న కాబోలు. గంగామణి మురిసిపోయింది. "ఆయనకు కూరలు అక్కరలేదక్కా. పచ్చిపులుసు ఉంటె సాలు. అన్నం ముట్టుకోకముందే చెంబెడు తాగుతడు. ఎంత చెప్పినా ఇనడు, అన్నం ఏడికి పోతదే అంటడు."

అత్త చెయ్యి కంచంలో ఆగిపోయింది. దూరంగా ఎక్కడో మైకు పరీక్ష చేస్తున్నారు, హలో హలో అని. అత్త నీళ్లు తాగి, తల ఎత్తకుండానే, చాలా మెల్లగా అడిగింది.

"మోచెయ్యి మానిందా?"

"మానింది గని పూరాగ వంగుతలే..." అనేసి గంగామణి రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆ వెంటనే ఆమె అత్త కాళ్ల మీద పడింది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత, ఎవ్వలికి చెప్పకు. చిన్నప్పుడే దూరపు గుడిల ఇంటోళ్ల నడుమ అయింది మా లగ్గం, ఈ వాడల ఆయననే పెనిమిటని ఎరిగినోళ్లు లేరు. మీటింగుల ఒట్టు వెట్టుకున్నంక బయటపడితె ఉద్యమం నవ్వుల పాలైతదన్నడు. పోలీసోళ్లు ఆలిని పట్టుకపోతరన్నడు. తెలంగాణ అచ్చిన తెల్లారే అందరి ముంగట ఇంటికి తోల్కపోతనన్నడు. గీ బొంబాయి మాట గూడ ఆయన చెప్పిందే." తెల్లారే! ఇద్దరికీ అదే తెల్లారి. మాట మార్చే ఓపిక కూడా లేకపోయింది ఆ మహానుభావునికి. పిల్లి కండ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఇద్దరి నోళ్లు మూసి తన లోకం తాను నడుపుకుంటున్నాడు.

అత్త ఆమెను లేపి కూర్చోబెట్టింది, చెంపలు తుడిచింది. "నేనెందుకు చెప్తనే" అంది. గంగామణి కాస్త తేరుకుంది. తేరుకుని, అమాయకంగా, అడగకూడని ప్రశ్న అడిగింది. "అవ్ గనక్కా, పొద్దున నువ్వు గూడ పేరు దియ్యలే. నేను సూసిన. నువ్వెందుకు?"

నేను కంచం వైపు చూశాను. అత్త క్షణం కూడా తడుముకోలేదు. "మా తాత పేరే చెల్లే. మా ఇంట్ల పెద్దోళ్ల పేరు దియ్యం" అంది. అత్తకు తాత, అంటే నాకు ముత్తాత, ఆయన పేరు వీరయ్య. ఆ రోజు దశరథం పేరు మీద చెప్పిన అబద్ధాలన్నింటిలో, ఎదుటి మనిషి బాగు కోసం చెప్పింది అదొక్కటే.

భోజనాలు కాగానే మీటింగు. వేదిక మీద దశరథం, తెల్ల లాల్చీ, మెడలో దండ. సిరిసిల్ల నుంచి పెద్ద గొంతున్న ఆమె వచ్చిందని ఎవరో చెబితే నినాదాలివ్వమని అత్తను పిలిచారు. అంతకుముందు ఎన్నిసార్లు పిలిచినా గొంతు బాగలేదని తప్పించుకునేది. ఆ రోజు కొంగు బిగించి గబగబా మెట్లెక్కింది. చెప్పేస్తుంది, ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, చెప్పాలనే కోరుకున్నాను. అత్త మైకు ముందు నిలబడి ఆయన వైపు తిరిగింది. "మన నాయకుడెవ్వరు" అని అడగనే లేదు. ఆయన మొహం మీదనే "దశరథం!" అంది. జనం జిందాబాద్ అన్నారు. "దశరథం!" మళ్లీ జిందాబాద్. గొంతు చీలిపోయేటట్టు ఇంకోసారి "దశరథం!" అంది. జనానికి అది నినాదం. వేదిక మీద ఆయనకు మాత్రం అర్థమైంది. చప్పట్లు కొడుతున్న చేతులు నెమ్మదించాయి. మా వైపు ఆడది ఒక మనిషి పేరు అలా పలికిందంటే వాడు ఆమెకు ఏమీ కాడని అర్థం. జనంలో గంగామణి కోసం చూశాను. ఆమె అందరిలాగే చప్పట్లు కొడుతోంది, కండ్లు మాత్రం అత్త మీదనే ఉన్నాయి. ఆ తాత కథను ఆమె నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మేం లారీ ఎక్కుతుంటే ఆయన నవ్వుతూ వచ్చాడు. "ఏంది సుగుణా, ఇయ్యాల గొంతు మంచిగ లేసింది?"

"గంగామణి అన్నం వెట్టింది" అంది అత్త. "పచ్చిపులుసు మంచిగ జేస్తది."

మొహంలో రంగు మారుతుందేమోనని నేను రెప్ప వేయకుండా చూశాను. ఏమీ మారలేదు. వెంటనే నా వైపు తిరిగి, "ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అన్నాడు. తొమ్మిదో తరగతి అన్నాను. "మంచిగ సదువు" అని తల నిమిరి జీపు వైపు వెళ్లిపోయాడు. ఆ చెయ్యి తగిలిన చోట అరచేత్తో గట్టిగా తుడుచుకున్నాను. లారీ కదిలాక నేను ఊరుకోలేదు. "మైకుల చెప్పకపోతివి గదత్తా! అందరి ముంగట సిగ్గు వోతుండె" అన్నాను. అత్త గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రమే వస్తోంది. "చెప్తే ఆయన సిగ్గు వోదే. ఆయనకున్నదా వోను? గా పిల్ల బతుకు వోతది. ఆడాడ పోరగాండ్లు తూటాలకు సచ్చిన్రు, వాళ్ల పేరు వోతది" అంది. నేనప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా ఒప్పుకోను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, నిజమే. కానీ ఎవరి కడుపు, ఎవరి కాళ్లు?

ఆయన తర్వాత ఎన్నికల్లో నిలబడ్డాడు, గెలిచాడు, పార్టీ మారాడు, మళ్లీ గెలిచాడు. బ్రహ్మచారి అన్న పేరు మీద ఓట్లు రాలాయి. గంగామణిని ఇంటికి తీసుకుపోయే తెల్లారి రానే లేదు. నన్ను ఇప్పటికీ తొలిచే సంగతి ఒకటుంది. ఆ మోచెయ్యి పూర్తిగా వంగకుండా పోయింది నిజం. దెబ్బ తిన్నది ఉద్యమం కోసమే, అదీ నిజం. ఆ చేతినే పైకెత్తి పెట్టిన ఒట్టు అబద్ధం. ఒకే మనిషిలో ఈ రెండూ పక్కపక్కన ఎలా కాపురం చేస్తాయో అర్థం కాదు. ఎక్కడో ఒకచోట తన అబద్ధాన్ని తానే నమ్మాడా? లేక ఇద్దరు ఆడవాళ్ల నోళ్లు అంత సులువుగా మూతపడేసరికి, జనం నోళ్లు కూడా అంతేననుకున్నాడా? ఇప్పుడైతే గంట తిరక్కుండా ఫోన్లలో వీడియో తిరుగుతుంది, సాయంత్రానికి ఆయనే ఇంకో వీడియో పెట్టి అది కుట్ర అంటాడు, మర్నాటికి జనం మరిచిపోతారు. అప్పుడు ఎవరికీ తెలియలేదు, ఇప్పుడు అందరికీ తెలిసినా ఏమీ కాదు. ఏది మేలో మీరే చెప్పండి. నా మనవరాలు మొగణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, కోపమొస్తే సగం పేరే పిలుస్తుంది. వాడు నిక్షేపంగా ఉన్నాడు.

తెలంగాణ రాకముందే ఆయన పోయాడు. ఊరంతా నల్లజెండాలు. గంగామణి ఆ రోజు కూడా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టింది. వాడకట్టు దృష్టిలో ఆమె మొగడు బొంబాయిలో ఉన్నాడు కదా, ఏడవడానికి వీల్లేదు. కొన్ని నెలల తర్వాత బొంబాయి నుంచి కబురొచ్చిందని చెప్పి, అప్పుడు గాజులు తీసింది, అప్పుడు ఏడ్చింది. తన దుఃఖానికి కూడా ఆయన అల్లిన కథలోనే చోటు వెతుక్కుంది. అత్త అప్పటికి ముసలిదైంది, అయినా బస్సెక్కి కోరుట్ల పోయి, దినవారాలు అయ్యేదాకా ఆమె పక్కనే ఉంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో అడిగాను. "నీకెందుకే సీఐడీ" అంది.

ఆ లారీ దిగిన సాయంత్రం సంగతి చెప్పడం ఇంకా మిగిలింది. మేం ఇంటికి చేరేసరికి నర్సయ్య, అతని తల్లి అరుగు మీద కూర్చుని ఉన్నారు. బాపు నిలబడే ఉన్నాడు. "ఔనా, కాదా? ఒక్క మాట చెప్పు" అన్నాడు. అత్త మొహం నిండా దుమ్ము. బాపును దాటి పోయి నర్సయ్య ముందు నిలబడింది. గొంతు లేదు కాబట్టి అందరూ ముందుకు వంగి విన్నారు.

"నాకు ఒక్కటే షరతు. పెండ్లయినంక నేను నిన్ను పేరు వెట్టి పిలుస్త. అందరి ముంగట పిలుస్త. ఎందుకని అడుగద్దు."

నర్సయ్య తల్లి నెత్తి కొట్టుకుంది. "ఓ యవ్వో! పుస్తె గట్టకముందే నా కొడుక్కు ఆయుష్షు తీస్తున్నదే!" బాపమ్మ సిగ్గుతో కొంగు మొహం మీదికి లాక్కుంది. బాపు చెయ్యి లేచింది. నర్సయ్య మాత్రం అరుగు దిగి అత్తకు ఎదురుగా నిలబడ్డాడు. అతను మాట్లాడగా నేను అదే మొదటిసారి వినడం.

"పేరు వెట్టింది పిలిసెటందుకే గద" అన్నాడు.

పెండ్లయిన మూడో నాడో నాలుగో నాడో, నేను వాళ్ల గల్లీలోనే ఉన్నాను. మధ్యాహ్నం, మగ్గాలన్నీ టకటకలాడుతున్నాయి. అత్త గడపలోకి వచ్చి, వెనక్కి వచ్చిన ఆ పెద్ద గొంతుతో, "ఓ నర్సయ్యా! బువ్వ తిందువు రా!" అని పిలిచింది. ఒక్కొక్క మగ్గమే ఆగింది. తలుపుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. అత్తగారు లోపల చెవులు మూసుకుంది. అత్త కదలకుండా నిలబడింది, కానీ తలుపుచెక్క పట్టుకున్న వేళ్లు తెల్లబడడం నాకు కనబడింది. మా వైపు మగవాళ్లు కూడా పెండ్లాం పేరు పలికేవారు కాదు, "ఇగో" అనో "ఓయ్" అనో సరిపెట్టేవారు. నర్సయ్య మామ మగ్గం గుంటలోంచి లేచి, అందరూ చూస్తుండగా, గల్లీ అంతా వినబడేటట్టు "అచ్చిన సుగుణా!" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది మా అత్త. కోరుట్లలో ఏడవలేదు, లారీలో ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.